తెలుగు శాఖ కంప్యూటర్‌లో పైథాన్ ఎందుకుండాలి?

మన శాఖ గదిలో ఒక కంప్యూటర్ ఉంది. హాజరు పట్టీలు, ప్రశ్నపత్రాల టైపింగు తప్ప దానికి వేరే పని లేదు. అందులో పైథాన్ వేయించి, మన పదాల పట్టికకు ఒక చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రాం మనమే తయారు చేసుకోవాలని నా అభిప్రాయం. "అది బీసీఏ వాళ్ల పని, మనకెందుకే?" అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అన్నారు. ఎందుకో చెప్తాను.

మాది పావగడ తాలూకా నాగలమడిక. ఉత్తర పినాకిని ఒడ్డున ఊరు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వస్తుంది, చదవటం రాదు. ఇంకో సంగతి. 2018లో మా హోబళిలో సోలార్ పార్కు మొదలైంది. తిరుమణి చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 13 వేల ఎకరాలు రైతుల నుంచి కౌలుకు తీసుకుని పలకలు పరిచారు. దాని సామర్థ్యం 2,050 మెగావాట్లు. వానల్లేని నేలకు కౌలు డబ్బు వచ్చింది, అది మంచిదే. కానీ సేద్యం ఆగిన చోట గొర్రు, గుంటక, గెనిమ, కపిల వంటి మాటలకు పని లేకుండా పోతుంది. పని లేని మాట ఎక్కువ రోజులు బతకదు. మా అవ్వ నోట్లో ఉన్న మాట మా తమ్ముడి నోటికి రాకముందే పోతోంది. మీ ఊళ్లలోనూ ఇదే కథ, కారణాలే వేరు.

"రాసుకోవడానికి నోట్‌బుక్ చాలదా, ఫోన్ చాలదా?" అంటారు. నోట్‌బుక్‌లో వెతకలేం. ఫోన్‌లో రాసింది ఎవరి ఫోన్‌లో వాళ్లకే ఉంటుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాంకు నెట్ అక్కర్లేదు, నెలనెలా చందా అక్కర్లేదు. పట్టిక మొత్తం ఒక్క ఫైలుగా శాఖలోనే ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో ఊరికి తీసుకుపోవచ్చు.

దీనికి కావలసిన సరంజామా కూడా తక్కువే. పైథాన్ ఉచితం. 1991లో గిడో వాన్ రోసమ్ విడుదల చేసిన భాష ఇది. విండోస్‌లో వేసేటప్పుడు మొదటి తెర మీదే, పైథాన్‌ను పాత్‌కు చేర్చాలా అని అడిగే గడిలో టిక్ పెట్టాలి. పెట్టకపోతే తర్వాత పైథాన్ అని టైపు చేసినా కంప్యూటర్ గుర్తుపట్టకపోవచ్చు. కిటికీలు, బటన్లు గీసే టికింటర్, పట్టికను దాచే ఎస్‌క్యూలైట్, రాసుకోవడానికి ఐడిల్ మూడూ దాంతోపాటే వస్తాయి. ఉబుంటులో మాత్రం టికింటర్‌ను విడిగా వేసుకోవాలి. ఆ తర్వాత మన పనికి ఒక ఫోల్డర్, అందులో వెన్వ్ అనే విడి గది. ఆ గదిలో వేసుకున్న అదనపు సామాను మిగతా పనులకు అడ్డురాదు. తెలుగు ఫైలు తెరిచే ప్రతి చోటా యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయాలి. లేకుంటే విండోస్‌లో అక్షరాలు చెత్తగా మారే ప్రమాదం ఉంది. ఇంతవరకూ ఒక్క మధ్యాహ్నం పని.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. అది బీసీఏ వాళ్లది కాదు, మనదే. పదాలను వరసలో పెట్టమంటే పైథాన్ యూనికోడ్ అంకెల వరసలో పెడుతుంది. ఆ లెక్కన 'ళ' వచ్చి 'వ' కంటే ముందు కూర్చుంటుంది. 'ఱ' వచ్చి 'ల' ముందు నిలబడుతుంది. మన వర్ణమాలలో వాటి చోటు అది కాదు కదా! సరైన వరస ఏదో చెప్పాల్సింది తెలుగు చదివినవాళ్లే. మనం చెప్పకపోతే ఆ తప్పు వరసే నిఘంటువు వరస అయిపోతుంది.

నాకు ఇంకా ముఖ్యమైనది ఒకటుంది. మా తాలూకాలో లాగే యూనికోడ్‌లోనూ తెలుగు, కన్నడం పక్కపక్క ఇళ్లు. ఒక్కోదానికి 128 గడులు. మన 'క' సంఖ్య 3093. దానికి 128 కలిపితే 3221, అది కన్నడ 'క'. అంటే నాలుగైదు వరసల ప్రోగ్రాంతో తెలుగు మాటను కన్నడ లిపిలో చూపించవచ్చు. నాగలమడిక పిల్లవాడు అవ్వ మాటను తనకు వచ్చిన లిపిలోనే చదువుకుంటాడు. అన్ని అక్షరాలకూ ఈ లెక్క కుదరదు. దంత్యాలైన ౘ, ౙలకు అవతలి ఇంట్లో గడి ఖాళీ. అక్కడ ఏం చేయాలో తేల్చడానికి ధ్వనిశాస్త్రం కావాలి. అది మన సిలబస్‌లోనే ఉంది.

ఇంగ్లీషు భయం సంగతి కూడా చెప్పుకోవాలి. పైథాన్ 3లో మనం పెట్టుకునే పేర్లు తెలుగులోనే ఉండొచ్చు. 'పదం', 'అర్థం', 'ఊరు' అని రాస్తే ఒప్పుకుంటుంది. ఇంగ్లీషులో తప్పనిసరిగా నేర్వాల్సిన కీలకపదాలు 35. పద్యం చూడగానే గణవిభజన చేసేవాళ్లం, ఆ 35 మాటలూ మనకు బరువా? బీసీఏ అక్కలను సాయం అడుగుదాం. కానీ అంతా వాళ్ల చేతికిస్తే మాత్రం వాళ్లు వెళ్లిన మరుసటి ఏడాది మన ప్రోగ్రాం మూలన పడుతుంది. దిద్దడం మనలో కనీసం నలుగురికి రావాలి.

మేడమ్‌లకు నా మనవి ఇదే: శనివారం ఒక గంట ఇవ్వండి. ఒక్కొక్కరం మన ఊరి నుంచి పది మాటలు తెస్తాం. మాట, అర్థం, వాడిన వాక్యం, ఊరి పేరు, చెప్పినవారి వయసు రాస్తాం. ఆగస్టు 29న గిడుగువారి జయంతి చేస్తాం కదా. పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చిన మనిషి ఆయన. ఆ రోజు ఉపన్యాసాలతో పాటు, మన పట్టికను తెరిచి అందరికీ చూపిద్దాం.