ఒడిలో కూర్చున్న బిడ్డకు గోత్రమేది?

2024 సెప్టెంబరులో చైనా ప్రభుత్వం ఇకపై తమ దేశపు శిశువులను విదేశీయులకు దత్తత ఇవ్వబోమని ప్రకటించింది. దగ్గరి రక్తసంబంధీకులు, సవతి తల్లిదండ్రులు తప్ప మరెవరికీ ఇందులో మినహాయింపు లేదు. 1992 నుంచి అప్పటివరకు 1,60,000కు పైగా చైనా శిశువులు పరదేశాల ఇళ్లకు చేరారు. వారిలో సగం మంది అమెరికాకే వెళ్లారు, అత్యధికులు ఆడపిల్లలు. ఒకే సంతానమన్న నిర్బంధం, మగబిడ్డ కావాలన్న ఆశ కలిసి ఆ పసికందులను అనాథాలయాల గుమ్మాలకు చేర్చాయి.

ఎక్కడో చైనాలో జరిగిన దానితో మనకేమి సంబంధమని మీరు అడుగవచ్చు. ఆ వార్త చదివిన నాడు నాకొక పాత అపరాధం గుర్తుకు వచ్చింది. దానిని మీతో చెప్పుకొనడం ధర్మమనిపించింది.

నది ఒడ్డున ఒక ఆదివారం

కొన్నేళ్లు నేను అమెరికాలోని ఒక దేవాలయంలో అర్చకత్వం చేశాను. అక్కడికి వచ్చే భక్తులలో ఒక జంట ఉండేది. భర్త గోదావరి జిల్లా వాడు, భార్య అమెరికన్ క్రైస్తవ స్త్రీ. సంతానం లేక 2006లో వారు చైనా వెళ్లి ఏడాది నిండిన ఆడశిశువును దత్తత తెచ్చుకున్నారు.

అప్పట్లో అమెరికా వెళ్లవలసిన ప్రతి దత్తశిశువుకూ వీసా గ్వాంగ్‌ఝౌ నగరంలోనే ఇచ్చేవారు. అమెరికా కాన్సులేటు 2013 వరకు ఆ నగరంలోని షామియాన్ అనే చిన్న ద్వీపంలో ఉండేది. నల్లమందు యుద్ధాల తరువాత బ్రిటిష్ వారు, ఫ్రెంచి వారు పంచుకున్న చోటు అది. వారు కట్టుకున్న చర్చిలు నేటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. బిడ్డకు వైద్యపరీక్ష, పత్రాల పరిశీలన పూర్తయ్యేదాకా దంపతులు ఆ ద్వీపంలోని హోటళ్లలో కాచుకొని ఉండేవారు. వైట్ స్వాన్ హోటల్లో ఎర్రని సోఫా మీద పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి ఫొటో తీయడం వారికొక ఆచారమైపోయింది.

వీరు అక్కడ ఉండగా ఆదివారం వచ్చింది. భార్య చర్చికి వెళదామన్నది. చైనాలో విదేశీయులు ప్రభుత్వం గుర్తించిన మందిరాలలో ప్రార్థనకు వెళ్లవచ్చు గాని మతప్రచారం చేయరాదు. 1994 నుంచి ఉన్న నిబంధన అది. అక్కడ పాటలన్నీ చైనా భాషలో పాడుతున్నారట. ఆమెకు రాగం తెలుసు, మాట తెలియదు. చేతిలోని బిడ్డకు తెలిసిన ధ్వని మాత్రం ఆ భాషదే. అంతవరకు ఐదు రోజులుగా ఎవరి ముఖమూ చూడక ఏడ్చిన పసిపాప, ఆ పాటలు వింటూ తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోయిందట. ముందు వరుసలోని ఒక ముసలామె వెనుదిరిగి, బిడ్డను చూసి కన్నీరు తుడుచుకున్నదట.

ఆ భర్త నన్ను అడిగాడు: "పంతులుగారూ, నేను అక్కడ తల వంచి నిలబడ్డాను. తప్పు చేశానంటారా?"

"నాయనా, ఆ పూజావిధానం మనది కాదు, దానిని మనదిగా చేసుకొననక్కరలేదు. భార్య తన దైవానికి కృతజ్ఞత చెప్పుకుంటుంటే పక్కన మౌనంగా నిలిచిన భర్తకు ధర్మలోపం రాదు" అన్నాను. ఆ మాట సరిగానే చెప్పాను. తప్పు ఆ తరువాత జరిగింది.

నా తడబాటు

బిడ్డ పేరున అర్చన చేయమన్నారు. సంకల్పంలో గోత్రం చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, గోత్రం తెలియనివారికి చెప్పే వాడుక ప్రకారం "కాశ్యప గోత్రోద్భవస్య" అనేశాను. తండ్రి గోత్రం నాకు తెలుసు, ప్రతి వారం నా నోటితోనే చెప్పేవాడిని. అతడు ఏమీ అనలేదు. అతని భార్య మాత్రం నెమ్మదిగా, "అది మా గోత్రమేనా?" అని అడిగింది. నాకు సమాధానం దొరకలేదు.

ఆ రాత్రి, బాల్యంలో గురుముఖతః వల్లించిన ఐతరేయ బ్రాహ్మణంలోని శునఃశేపుని కథ నాకు కొత్తగా వినిపించింది. అజీగర్తుడు ఆకలికి తాళలేక నూరు ఆవులకు నడిమి కుమారుని అమ్మాడు. మరి నూరింటికి యూపస్తంభానికి కట్టాడు. ఇంకొక నూరింటికి కత్తి పట్టాడు. దేవతలను స్తుతించి బంధవిముక్తుడైన ఆ బాలుడు నేరుగా వెళ్లి విశ్వామిత్రుని ఒడిలో కూర్చున్నాడు. కన్నతండ్రి తిరిగి రమ్మంటే, మూడువందల ఆవులను నాకంటే ఎక్కువగా ఎంచుకున్నావని తోసిపుచ్చాడు. దేవతలిచ్చిన బిడ్డ గనుక విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరు పెట్టి జ్యేష్ఠపుత్రుని స్థానమిచ్చాడు.

అతనిని అన్నగా ఒప్పుకొనని యాభైమంది పెద్దకొడుకులు శాపగ్రస్తులై సరిహద్దులకు పోయారు. వారి సంతతిగా శ్రుతి పేర్కొన్న జాతులలో మొదటి పేరు ఆంధ్రులది! దత్తపుత్రుని కాదన్న సోదరుల వంశంగా మన పేరు వేదవాఙ్మయంలోకి వచ్చింది. ఆ రాత్రి నేను ఆ యాభైమందిలో ఒకడినని తోచి సిగ్గుపడ్డాను.

మరుసటి వారం వారిని నేనే పిలిచి, తండ్రి గోత్రంతో ఆ పాపకు అర్చన చేశాను.

రెండు ధర్మాలు

ఈ కథలో రెండు నీతులున్నాయి. మొదటిది, బిడ్డ వెనుక ఆవుల లెక్క ఉండరాదు. 2005లో చైనాలోని హునాన్ రాష్ట్రంలో శిశువులను కొని అనాథాలయాలకు చేర్చిన ముఠా బయటపడింది. దక్షిణ కొరియాలో దత్తతల కోసం పత్రాలు తారుమారు చేశారని అక్కడి సత్యశోధన సంఘం 2025 మార్చిలో తేల్చింది. మనమూ నిష్కళంకులం కాము. 1990ల చివర, 2001లో మన లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను స్వల్ప మొత్తాలకు సేకరించిన వ్యవహారం రాష్ట్రాన్ని కుదిపింది. 1993 నాటి హేగ్ ఒప్పందం, ముందు స్వదేశంలో ఇల్లు వెదకాలని, దత్తతలో అక్రమ లాభం కూడదని శాసించింది. భారతదేశం 2003లో దానిని ఆమోదించింది. చైనా తలుపు మూయడం వల్ల ఆ వ్యాపారానికి అడ్డుకట్ట పడవచ్చు. కాని అప్పటికే ఒక బిడ్డతో జత కుదిరి, ఎదురుచూస్తూ నిలిచిపోయిన కుటుంబాల వేదన కూడా నిజమే. మూసిన తలుపుకు అవతల ఉన్న పిల్లలకు స్వదేశంలో ఒడి దొరికినప్పుడే ఆ నిర్ణయం పూర్తిగా ధర్మమవుతుంది.

రెండవది, న్యాయమార్గాన వచ్చిన బిడ్డ సంపూర్ణంగా మన బిడ్డ. 1956 నాటి హిందూ దత్తత చట్టం ఆడపిల్లను దత్తత తీసుకొనడానికి దారి తెరిచింది. శూరసేనుడు పృథను కుంతిభోజునికి ఇచ్చిన నాటి నుంచే ఆడబిడ్డ దత్తత మనం ఎరిగినది. ఆమెను మనం కుంతి అనే పిలుస్తున్నాము, పెంచిన ఇంటి పేరుతోనే.

విశ్వామిత్ర గణంలోని కొన్ని గోత్రాలవారు నేటికీ ప్రవరలో "వైశ్వామిత్ర, దైవరాత, ఔదల" అని చెప్పుకుంటారు. అంటే అభివాదనం చేసిన ప్రతిసారీ వారు ఒక దత్తపుత్రుని తమ పూర్వఋషిగా స్మరిస్తున్నారు.

అమ్మలారా, అయ్యలారా! మీ బంధువులలో ఎవరైనా దత్తత బిడ్డతో మీ గడప తొక్కితే, "ఎవరి పిల్ల?" అని చాటుగా అడగకండి. పీట వేసి, పసుపు కుంకుమ పెట్టి, తండ్రి గోత్రంతోనే ఆశీర్వదించండి. అర్చకులు తడబడితే మీరే గుర్తు చేయండి. ఆ రోజు ఆ తల్లి అడిగిన చిన్న ప్రశ్న నాకు గురువాక్యమైనది. ఒడిలో కూర్చున్న ప్రతి బిడ్డనూ భగవంతుడు చల్లగా చూచుగాక! స్వస్తి.