మన పిల్లల చదువును ఏ గజంతో కొలుస్తున్నారు?



టవలులో నాలుగు పిక్కులు తగ్గితే సేటు అద్దం పెట్టి లెక్కిస్తాడు, మజూరీ కోస్తాడు. నీలం నగర్‌లో ఏడో తరగతి పిల్లవాడికి రెండో తరగతి వాచకం చదవరాకపోతే లెక్కించే నాథుడు లేడు. పైగా "మీవాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదు" అని మనకే నీతులు! పన్నెండు గంటలు సాంచాల మోతలో నిలబడి వచ్చిన తండ్రి, దీపం పెట్టేదాకా బీడీలు చుట్టే తల్లి ఏ వేళప్పుడు పాఠం చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి? ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కొలువుకు ఇంగ్లీషు. సేటు కొడుక్కు మూడింటికీ ట్యూషనుంది.

ఈ తేడా కొలవలేనిది కాదు. ధనిక దేశాల సంస్థ ఓఈసీడీ 2000 నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు 'పీసా' పరీక్ష పెడుతోంది. తల్లిదండ్రుల చదువు, పని, ఇంట్లో ఉన్న పుస్తకాలు కూడా అడుగుతుంది. 2022లో ఆ దేశాల్లోనే పై పావువంతు ఇళ్ళ పిల్లలకూ, అడుగు పావువంతు ఇళ్ళ పిల్లలకూ లెక్కల్లో సగటున 93 పాయింట్ల తేడా తేలింది. ఏడాది చదువంటే సుమారు 20 పాయింట్లని వారి అంచనా. అంటే నాలుగేళ్ళ పైచిలుకు వెనకబాటు!

మరి మన దగ్గరో? 2009 విడతలో హిమాచల్, తమిళనాడు పిల్లలు రాసి అట్టడుగున నిలిచారు. ప్రశ్నలే మనకు తగినవి కావని ఢిల్లీ పెద్దలు సణిగారు. ఆ తర్వాత 2012 నుంచి 2022 దాకా ఒక్క విడతలోనూ మన దేశం లేదు. 2005లో మొదలైన 'అసర్' సర్వే పల్లెలకే పరిమితం. మన వాడ దాని లెక్కలోకే రాదు.

కొలవరు సరే, ఉన్న హక్కయినా మిగలనిస్తారా? ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదలకివ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. కిలోమీటరు లోపు సర్కారు బడో ఎయిడెడ్ బడో ఉంటే ప్రైవేటు బడికి ఆ బాధ్యత లేదని 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం రూలు మార్చింది. పట్నంలో అలాంటి బడి లేని కిలోమీటరు ఎక్కడుంది? జులైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది, ఆగస్టులో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది కనుక బతికిపోయాం. ఆ సీటు కూడా చేరే తరగతికే. ఇప్పటికే మునిసిపల్ బడిలో వెనకబడ్డ పిల్లకు దానితో ఒరిగేదేమీ లేదు. ఆ బడికే టీచర్లు కావాలి, సాయంత్రం చదువుకునే గది కావాలి.

అందుకే లెక్క మనమే తీస్తాం. మన యూనియన్ వాళ్ళు గడప గడపకూ వస్తారు. పిల్లల చేత పేజీ చదివించండి. మజూరీ ఎంత, ట్యూషనుందా, బీడీల పనికి పిల్ల కూర్చుంటోందా, సిగ్గుపడకుండా చెప్పండి. ఆ కాగితాలతోనే మునిసిపాలిటీ గేటు ముందు కూర్చుంటాం.