ఎవరి డబ్బుకి కాపలా?

1923లో మన బందరులో ఆంధ్రా బ్యాంకు పుట్టింది. పట్టాభి సీతారామయ్య పెట్టాడని ఊళ్లో పిల్లాడికి కూడా తెలుసు. అదే ఏడాది లండన్‌లో అంబేడ్కర్ ‘రూపాయి సమస్య’ పుస్తకం అచ్చయింది. ఆ సంగతి ఏ పంతులూ చెప్పడు. (నేనూ పంతుల్నే. చాలా ఏళ్లు నాకూ తెలీదు.) రూపాయి విలువ పడితే వ్యాపారికొచ్చే లాభం కూలివాడి కంచంలోంచే వస్తుందని వాదించినవాడాయన.

బ్యాంకులు కూలకుండా రిజర్వుబ్యాంకు కాపలా కాస్తుందంటారు. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడ్డాక డిపాజిట్లకి బీమా వచ్చింది. 2020 నుంచి అది 5 లక్షలు. మంచిదే. అది దాచుకున్నవాడికి. అప్పు తప్ప ఇంకేమీ లేని మాలపల్లికీ మాదిగగూడేనికీ కాపలా ఎవరు?

బ్యాంకులు ఇచ్చే అప్పుల్లో 40 శాతం ప్రాధాన్యరంగానికి ఇవ్వాలని రూలు. బ్యాంకోళ్లు మన గడప తొక్కకుండానే లెక్క పూర్తి చేశారు. మైక్రోఫైనాన్సు కంపెనీలకి డబ్బిచ్చి, పేదలకిచ్చినట్టు రాసుకున్నారు. రిజర్వుబ్యాంకు రాసుకోనిచ్చింది. కంపెనీలు దాన్నే పాతిక, ముప్పై శాతానికి మన ఆడవాళ్లకి తిప్పాయి. పూచీ ఏమిటి? పక్కింటామె. ఒకామె వారం కిస్తీ తప్పితే మిగతావాళ్లు ఆమె గుమ్మంలో కూర్చోవాలి. మనవాళ్ల మీదకి మనవాళ్లనే ఉసిగొల్పడం మనకేం కొత్త కాదు.

ఇది మొదట పేలింది మన కృష్ణా జిల్లాలోనే. 2006 మార్చిలో రెండు పెద్ద కంపెనీల శాఖలు యాభై దాకా అధికారులు మూయించారు. కళ్లు తెరవాల్సిన రోజది. తెరవలేదు, ఇంకో నాలుగేళ్లు అప్పులు పోశారు. 2010 అక్టోబరు 15న రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. జిల్లాలో రిజిస్టరు కావాలి, నెలకోసారే వసూలు, అసలుని మించి వడ్డీ లాగకూడదు. వసూళ్లు ఆగాయి. కంపెనీలకి పోసిన బ్యాంకులు గడగడలాడి బాకీల గడువులు పెంచుకున్నాయి. చట్టం వల్లే అంతా కూలిందని గగ్గోలు పెట్టారు. ఒకే ఇంటికి మూడు కంపెనీలు అప్పంటగట్టిన రోజే కూలింది, చప్పుడు తర్వాత వినబడింది.

మనమూ ఒకటి ఒప్పుకోవాలి. కంపెనీ పోయిన చోటికి బ్యాంకు రాలేదు, వడ్డీవాడే వచ్చాడు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ కేసులు చూశాం కదా.

ఇప్పుడు మళ్లీ తలుపులు తెరిచారు. మైక్రోఫైనాన్సు కంపెనీల వడ్డీ మీద ఉన్న పరిమితిని 2022లో రిజర్వుబ్యాంకు ఎత్తేసింది. రిజర్వుబ్యాంకు కింద ఉన్న కంపెనీలకి రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది. ఇక మిగిలింది ఒక్క అడ్డు: ఇంటి అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ ఆదాయం రాసేదెవరు? అప్పిచ్చేవాడే! నాట్లకీ కోతలకీ తప్ప పనిలేని దివిసీమ కూలి తల్లికి పన్నెండు నెలల కూలి రాసి చూపిస్తే అడిగేదెవరు?

మనమే అడగాలి. అప్పు కార్డు మనకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, తీసుకోండి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 దాటాక వసూలుకి రాకూడదు, ఫోను చేయకూడదు. వస్తే తేదీ, టైము రాసిపెట్టండి. గుడివాడ, బందరు, అవనిగడ్డ వైపు మన సంఘాలు పేటపేటకీ తిరిగి, ఆదాయం కింద ఎంత రాశారో చూసి, కార్డుల జిరాక్సులు వచ్చే సంచికలోపు పంపండి. పేర్లు వేయం. అంకెలు వేస్తాం.