ఢిల్లీ లేఖ: యాభై ప్రయాణాలు, తెరవని ఫైళ్లు

మన తొలితరం సాఫ్ట్‌వేర్ సంస్థల నిర్మాతల జ్ఞాపకాలలో ఢిల్లీకి తప్పనిసరిగా ఒక పాత్ర ఉంటుంది. అది ప్రతినాయక పాత్ర. ఒక కంప్యూటరు దిగుమతి లైసెన్సు కోసం దాదాపు 50 సార్లు రాజధానికి రావలసి వచ్చిందని, టెలిఫోను కనెక్షనుకే ఏడాది పట్టిందని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అనేక సభలలో చెప్పారు. సుధామూర్తి ఇచ్చిన 10,000 రూపాయలతో 1981లో పుణెలో ఏడుగురు ఇంజనీర్లు ప్రారంభించిన సంస్థ అది. సొంత కంప్యూటరు లేని కంప్యూటరు సంస్థ! వ్యవస్థాపకులలో పలువురు అమెరికా వెళ్లి, అక్కడి ఖాతాదారు కోసం అక్కడే పనిచేయవలసి వచ్చింది. అంతకు ముందే టాటా కన్సల్టెన్సీలో కోహ్లీ, తెప్పించుకున్న యంత్రం విలువకు రెట్టింపు ఎగుమతి చేస్తామని ప్రభుత్వానికి హామీ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఈ జ్ఞాపకాలను శంకించవలసిన పనిలేదు. సచివాలయ వసారాలలో ఒక్క పూట వేచియున్నవారెవరైనా వీటిని నమ్ముతారు. అయితే ఇవి ఒక పక్షం సాక్ష్యం మాత్రమే. ఇన్ఫోసిస్ పుట్టిన 1981లోనే భారత ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధితో 500 కోట్ల ఎస్‌డీఆర్‌ల భారీ రుణానికి ఒప్పందం కుదుర్చుకున్నది. ప్రతి డాలరునూ లెక్కచూసిన అధికారి మూర్ఖుడే కానక్కరలేదు. అతడు చూసినది దేశ ఖజానాను. రేపటి ఎగుమతి అతడికి కనిపించలేదు.

జ్ఞాపకాలలో 1991 జూలై నాటి ఆర్థిక సంస్కరణలే తలుపు తెరిచినట్లు వినిపిస్తుంది. నిజానికి కంప్యూటరు విధానం 1984 నవంబరులో సడలింది. సాఫ్ట్‌వేర్ విధానం 1986లో వచ్చింది. ఉపగ్రహ సంబంధాలతో చిన్న సంస్థలకు ఊపిరిపోసిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ 1991 జూన్ 5న రిజిస్టరైంది. అప్పటికి మన పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణస్వీకారమైనా చేయలేదు! నారాయణమూర్తి చదివిన కాన్పూరు ఐఐటీ ప్రజాధనంతో నడిచినదే. అడ్డుకున్న ఢిల్లీయే అక్షరాలు దిద్దించిందన్న ఈ సగం కథ, ప్రభుత్వం తప్పుకుంటే చాలునని వాదించేవారికి రుచించదు.

ఆ సగాన్ని చెప్పవలసిన అధికారులు ఆత్మకథలు వ్రాయడం అరుదు. వారి సంతకాలు ఫైళ్లలోనే ఉండిపోయాయి. 1993 నాటి ప్రజా రికార్డుల చట్టం, దాని నియమాల ప్రకారం 25 ఏళ్లు దాటిన శాశ్వత రికార్డులు జాతీయ పురావస్తు భాండాగారానికి చేరవలసి ఉన్నది. ఎలక్ట్రానిక్స్ శాఖకు చెందిన 1981-83 నాటి లైసెన్సు ఫైళ్లకు ఇప్పటికి నలభై ఏళ్లు దాటాయి. వాటిలో ఎన్ని భాండాగారం చేరాయి, ఎన్ని చెత్తబుట్టకు చేరాయి? మన ఎం.పి.లలో ఒకరు ప్రశ్నోత్తరాల సమయంలో ఈ సంగతి అడిగితే, మంత్రిగారు జవాబు సిద్ధం చేయించడానికైనా ఆ బీరువాలు తెరిపించక తప్పదు.