ఏడుగురి ఆట, ఏలినవారి లెక్క

2016 సెప్టెంబరులో రియో డి జనీరో నగరంలో ఉక్రెయిన్, ఇరాన్ జట్లు స్వర్ణ పతకం కోసం తలపడ్డాయి. నిర్ణీత సమయంలో ఫలితం తేలక అదనపు సమయం ఆడవలసి వచ్చింది. చివరకు ఉక్రెయిన్ 2-1 గోల్స్‌తో నెగ్గింది. ఆడినవారందరూ మస్తిష్క పక్షవాతం, అనగా సెరిబ్రల్ పాల్సీ వల్లనో, దానిని పోలిన మెదడు గాయం వల్లనో కాళ్ళుచేతులపై పట్టు సడలినవారే. 1984 నుంచి ప్రతి పారాలింపిక్స్‌లోనూ సాగుతూ వచ్చిన ఏడుగురి ఫుట్‌బాల్‌కు అవే ఆఖరి పోటీలు. ఆ సంగతి వారికి ముందే తెలుసు. 2015 జనవరిలోనే అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ టోక్యో క్రీడల జాబితా నుంచి ఈ ఆటను తొలగించింది. 2024లో పారిస్‌లో ఈ ఆట లేదు. 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలోనూ లేదు.

ప్రపంచంలో ఈ ఆట తగినంతగా వ్యాపించలేదన్నది కమిటీ చెప్పిన కారణం. పైకి న్యాయంగానే కనిపించే ఈ వాదంలో ఒక మెలిక ఉన్నది. సాధారణంగా ప్రభుత్వాలు పతకం వచ్చే ఆటకే డబ్బిస్తాయి. డబ్బులేని ఆట కొత్త దేశాలకు పాకదు. పాకలేదు గనుక పతకాల పందిరిలోకి రానివ్వరు. వాన పడితే విత్తుతానని రైతు, విత్తితే కురుస్తానని మబ్బు పంతం పట్టినట్లున్నది. అయినా ఆట చావలేదు. 2015లోనే దీనికి ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడి ప్రపంచ కప్ పోటీలు నిర్వహిస్తున్నది. 2022లో స్పెయిన్‌లోని సాలూ పట్టణంలో మహిళలకు తొలి ప్రపంచ కప్ జరిగింది. ఫైనల్‌లో ఆస్ట్రేలియాను ఓడించి అమెరికా కప్పు గెలుచుకున్నది.

ఈ ఆట నియమాలు తెలుసుకోదగినవి. జట్టుకు ఏడుగురు. సగానికి ముప్పయి నిమిషాలు. ఆఫ్‌సైడ్ లేదు. చేతులు పైకెత్తి బంతి విసరలేనివారు ఒంటిచేత్తో నేలమీద దొర్లించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం మరొకటి ఉన్నది. వైకల్య తీవ్రతనుబట్టి ఆటగాళ్ళను మూడు తరగతులుగా విభజిస్తారు. అత్యంత తీవ్ర వైకల్యం గల తరగతివారిలో కనీసం ఒకరు ఆట సాగినంతసేపూ మైదానంలో ఉండాలి. స్వల్ప వైకల్యం గలవారు ఒకరిని మించరాదు. అంటే బలహీనుడిని బెంచీమీద కూర్చోబెట్టి గెలిచే వీలు లేదు. ఇటువంటి నిబంధన మన మంత్రివర్గాలకు, ప్రణాళికలకు ఉంటే ఎట్లా ఉండేదోనని పార్లమెంటు గ్యాలరీలో కూర్చున్నవారికి అప్పుడప్పుడు అనిపించకపోదు.

దీన్ని ధనిక దేశాల ముచ్చటగా కొట్టివేయడానికి లేదు. 2000 నుంచి 2016 వరకు జరిగిన అయిదు పారాలింపిక్స్ ఫైనల్స్‌లోనూ ఉక్రెయిన్ ఆడింది. మూడు స్వర్ణాలు, రెండు రజతాలు గెలిచింది. సోవియట్ యూనియన్ కూలిన తరువాత ఆర్థికంగా చితికిపోయిన ఆ దేశం 1990లలో వికలాంగుల క్రీడలకు ప్రాంతీయ కేంద్రాలు నెలకొల్పుకున్నది. ఇరాన్ 2008, 2012లలో కాంస్యం, 2016లో రజతం పొందింది. ఇరాక్‌తో 1980-88 మధ్య జరిగిన యుద్ధంలో అంగవికలులైన సైనికుల కోసం పెరిగిన క్రీడావ్యవస్థ అక్కడ ఇతరులకూ అక్కరకు వచ్చింది.

మరి మన సంగతి? బాల్యంలో కదలికలను దెబ్బతీసే వైకల్యాలలో సెరిబ్రల్ పాల్సీయే అతి సాధారణమైనది. కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన వెంటనే వచ్చే కామెర్లను పట్టించుకోకపోవడం వంటివి దీని కారణాలలో కొన్ని. మన వంటి దేశాలలో ఈ కారణాలకు కొదవ లేదు. అయినా 2011 జనాభా లెక్కలు 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులను లెక్కించినప్పుడు దీనికి విడిగా గడి లేదు. ‘కదలిక’ అన్న గడిలోనో, ‘బహుళ’ అన్న గడిలోనో కలిసిపోయింది. వికలాంగులను దివ్యాంగులని పిలవడంలో ఢిల్లీ చూపిన చొరవ వారిని లెక్కించడంలో ఇంకా చూపవలసి ఉన్నది.

ఏడుగురి ఫుట్‌బాల్‌కు చోటులేని టోక్యో జాబితాలోనే బాడ్మింటన్ కొత్తగా చేరింది. అందులో మనకు రెండు స్వర్ణాలతో కలిపి నాలుగు పతకాలు వచ్చాయి. సంబరాలు సహజమే. పోయిన ఆట గురించి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఒక జట్టుమీద ఖర్చుచేస్తే వచ్చేది ఒక్క పతకమే గదా!

మూసిన తలుపు తిరిగి తెరుచుకోదనడానికి లేదు. 2000 సిడ్నీ క్రీడలలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో అత్యధికులకు అసలు వైకల్యమే లేదని బయటపడ్డాక బుద్ధిమాంద్యం గలవారి పోటీలన్నిటినీ నిలిపివేశారు. ఎవరో చేసిన మోసానికి శిక్ష మరెవరికో పడింది. కొత్త పరీక్షా విధానం రూపొందించి 2012 లండన్‌లో వాటిని మళ్ళీ అనుమతించారు. ఆ తలుపు తెరుచుకోకపోతే వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024లో పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచే అవకాశమే ఉండేది కాదు.

2016 డిసెంబరులో నోట్ల రద్దుపై రభసతో శీతాకాల సమావేశాలు తుడిచిపెట్టుకుపోగా, ఉభయసభలూ ఏకమై ఆమోదించినది వికలాంగుల హక్కుల బిల్లు. దాని 30వ సెక్షన్ క్రీడలలో వారు పాల్గొనేందుకు మైదానాలు, నిధులు, ప్రత్యేక పోటీలు సమకూర్చే బాధ్యతను ప్రభుత్వాలపై పెట్టింది. 2025 ఆగస్టులో బిహార్ ఓటర్ల జాబితాపై గందరగోళం నడుమ ఆమోదం పొందిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం జాతీయ పారాలింపిక్ కమిటీకి చట్టబద్ధత కల్పించింది. 2036 ఒలింపిక్స్‌కు ఆతిథ్యమిస్తామని మన ప్రభుత్వం 2024లోనే లేఖ పంపింది. ఒలింపిక్స్ జరిగే నగరమే పారాలింపిక్స్‌కూ వేదిక అవుతుంది. ఆతిథ్యం కోరే దేశం ఈ ఆటను తాను ఆడి, పొరుగు దేశాలచేత ఆడించి, ‘వ్యాపించలేదు’ అన్న వాదాన్ని కొంతైనా బలహీనపరచవచ్చు. దీనికి ఖరీదైన చక్రాల కుర్చీలు, కృత్రిమ అవయవాలు అక్కరలేదు. ఒక బంతి, చదునైన నేల, ఓపిక గల శిక్షకుడు చాలు.

ఢిల్లీలో ఈ విషయం అడిగితే క్రీడల శాఖ సామాజిక న్యాయ శాఖను చూపిస్తుంది, ఆ శాఖ మళ్ళీ క్రీడల శాఖను చూపిస్తుంది. ఇద్దరూ కలిసి రాష్ట్రాలను చూపించవచ్చు కూడా. ఎందుకంటే రాజ్యాంగంలోని రాష్ట్రాల జాబితాలో వికలాంగుల సహాయం 9వ అంశం, క్రీడలు 33వ అంశం. కనుక 30వ సెక్షన్ కింద ఏ జిల్లాలో ఏ మైదానం సిద్ధమైందన్న ప్రశ్న లోక్‌సభలో ఎంత సబబో, హైదరాబాదు, అమరావతి శాసనసభలలోనూ అంతే సబబు. బడ్జెటు పద్దులపై చర్చ వచ్చినప్పుడు మన సభ్యులలో ఒక్కరు లేచి అడిగినా మంత్రి జవాబు చెప్పక తప్పదు.