ఉప్పెన మృతులకు నిజమైన నివాళి

ఏటా నవంబరు 19వ తేదీ వచ్చేసరికి దివిసీమ పల్లెల్లో పాత గాయం మళ్లీ రేగుతుంది. 1977లో అదే రోజున, శనివారం నాడు, పెనుతుపానుతోపాటు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన ఊళ్లమీద పడింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి తీరగ్రామాలు కడుపుకోత పాలైనాయి. ప్రాణాలు కోల్పోయినవారు 10 వేలకు పైమాటేనని ప్రభుత్వ లెక్కలే ఒప్పుకున్నాయి. ఇంకా ఎక్కువేనని నాటినుంచీ చెప్పుకుంటున్నవారు ఉన్నారు.

అవనిగడ్డ సమీపాన ఉన్న స్మారక స్తూపం వద్ద ఆ రోజున పూలు ఉంచేవారిలో ఊరివారే కాక పైనుంచి వచ్చిన వృద్ధులు కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. ఉప్పెన వార్త తెలియగానే తెలుగునాట నలుమూలల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వేలాదిమంది వలంటీర్లు దివిసీమకు తరలివచ్చారు. వారిలో కాలేజీ విద్యార్థులున్నారు, డాక్టర్లున్నారు, సన్యాసులున్నారు. మదర్ థెరీసా వచ్చారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఊరూరా తిరిగి జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. దివిసీమ బిడ్డ మండలి వెంకట కృష్ణారావు బాధితుల మధ్యనే ఉండి సహాయక చర్యలు నడిపించారు.

పేరున్న పెద్దల సేవను లోకం గుర్తుంచుకుంది. పేరు తెలియని కుర్రాళ్లు చేసిన పని మాత్రం తలచుకోవడానికే గుండె నిబ్బరం కావాలి. దారులు తెగిపోయాయి. కాలవల్లో, వరిచేలల్లో, తుమ్మకంపల్లో మనుషుల శవాలు, పశువుల కళేబరాలు కలగలిసి పడి ఉన్నాయి. ముక్కులకు గుడ్డలు కట్టుకుని వాటిని మోసినవారు ఆ వలంటీర్లే. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి వీలులేక, బంధువులు మిగలక, దొరికిన చోటనే సామూహికంగా దహనం చేశారు, పూడ్చిపెట్టారు. కొరివి పెట్టవలసిన కొడుకు కూడా కొట్టుకుపోయిన ఇళ్లలో, ముక్కూమొహం తెలియని పరాయి ఊరి కుర్రవాడే నిప్పు పెట్టాడు. ఆ రుణం తీరేది కాదు.

ఆనాటి ఇరవై ఏళ్ల యువకుడు నేడు డెబ్బై ఏళ్లకు చేరువలో ఉన్నాడు. అలాంటివారు ఓపిక చేసుకుని ఇంత దూరం వస్తే, ఒక శాలువా కప్పి, ఒక ఫోటో తీసి సాగనంపడం సరిపోదు. వారిని పక్కనున్న బడికి తీసుకువెళ్లి పిల్లల ముందు కూర్చోబెట్టాలి. చూసింది చూసినట్లు చెప్పమని కోరాలి. ఉప్పెనను కళ్లారా చూసినవారు ఊళ్లల్లో తగ్గిపోతున్నారు. ఇంకొన్నేళ్లు పోతే చెప్పేవారే ఉండరు.

పంచాయతీలు చేయవలసిన పని మరొకటి ఉంది. ఏ ఊరి మృతుల పేర్లు ఆ ఊరి పెద్దలను అడిగి, ఇంటింటా విచారించి రాయించాలి. ఓటర్ల జాబితాకెక్కని పసిపిల్లల పేర్లు అమ్మమ్మల, నానమ్మల జ్ఞాపకంలోనే ఉన్నాయి. పేరు లేకుండా కాలిపోయినవారికి కనీసం పంచాయతీ గోడమీదనైనా పేరు దక్కాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు.

మృతులను గౌరవించడమంటే అంత చావు మళ్లీ రాకుండా చూడడం కూడా. 1864లో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు. ఆ తరం వెళ్లిపోయాక ఆ పాఠమూ మరుగున పడింది. 1977 నాటికి హెచ్చరిక అందని ఊళ్లెన్నో. అందినచోట కూడా మట్టిగోడల, తాటాకు ఇళ్లే తప్ప తలదాచుకోవడానికి గట్టి కట్టడం లేదు. ఆ తర్వాతనే తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. ఫలితం 1990 మే నెలలో కనిపించింది. కృష్ణా ముఖద్వారం సమీపంలో పెనుతుపాను తీరం దాటినా, లక్షన్నర మందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య వేయికి లోపునే ఆగింది. వేయి ప్రాణాలూ తక్కువేమీ కావు. కానీ ముందు జాగ్రత్త ఎన్ని వేలమందిని కాపాడిందో జిల్లా ప్రజలు గ్రహించాలి.

కనుక తుపాను కాలం రాకముందే ప్రతి షెల్టరునూ అధికారులు స్వయంగా చూసి రావాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలియాలి. కరకట్టలకు గండ్లుంటే వెంటనే పూడ్చాలి. అలల ఉధృతిని తగ్గించే మడ అడవులను రొయ్యల చెరువుల కోసం నరకనీయరాదు. ఇక గ్రామస్థుల బాధ్యత కూడా ఉంది. ఖాళీ చేయమన్నప్పుడు గొడ్డూగోదా, ఇల్లూవాకిలీ వదిలి ఎలా రాగలమని వెనుకాడడం సహజమే. పశువులకూ మెరకమీద చోటు చూపవలసిన పని అధికారులది. చెప్పిన వెంటనే పిల్లాపాపలతో కదలవలసిన పని ప్రజలది.

ఆ శవాలు మోసినవారు నేడు కోరేది కూడా ఇంతకు మించి ఉండదు. ఈ నవంబరు 19 నాటికైనా పంచాయతీలు పేర్ల పని మొదలుపెట్టాలి, అధికారులు షెల్టర్ల తలుపులు తెరిచి చూడాలి.