విడాకు ఎవరి చేతిలో నున్నది?

మన భాషలో 'విడాకులు' అను మాట వినినంతనే ఒక వ్రాత స్ఫురించును. ఆకు అనగా పూర్వము తాటాకు పత్రము కూడ. యూదుల ధర్మశాస్త్రమందు వివాహవిచ్ఛేదము నిజముగా ఒక పత్రమే. తెలుగు బైబిలు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమున దానిని పరిత్యాగపత్రమన్నది. యూదులు 'గెట్' అందురు. అది పండ్రెండు పంక్తులలో, ఆ ఒక్క స్త్రీ కొరకే వ్రాయబడవలెను. ఇద్దరు సాక్షులుండవలెను. భర్త మనఃపూర్వకముగా ఇచ్చినదై భార్య చేతి కందవలెను.

చిక్కంతయు ఆ 'మనఃపూర్వకముగా' అను మాటలోనే యున్నది. భర్త ఈయననినచో ఆమె 'అగునా', అనగా బంధిత. ఏండ్లు గడచినను వేరొకని వివాహమాడజాలదు.

ఈ అన్యాయమును ఆ మతపండితులు చూడకపోలేదు. సుమారు 1000వ సంవత్సరమున జర్మనీలోని మైంజు పట్టణమున గెర్షోము అను గురువు, భార్య సమ్మతి లేనిదే విడాకు చెల్లదని కట్టడి చేసెను. పండ్రెండవ శతాబ్దిలో మైమోనిడీసు మరియొక మెట్టెక్కెను. న్యాయస్థానము విడువుమన్నను విడువని భర్తను, ఒప్పుకొనువరకు నిర్బంధింపవచ్చుననెను. ధర్మము ననుసరింపవలెననునదే వాని నిజమైన ఇచ్ఛ, మొండితనము దానిని కప్పిన దుర్బుద్ధి మాత్రమేనని ఆయన వాదము. అదే శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు రబ్బేను తాము, శాస్త్రమనుమతింపని నిర్బంధముతో పొందిన విడాకు చెల్లదని హెచ్చరించెను.

వివాదమెంత దూరము పోగలదో 1766లో క్లీవ్సు పట్టణమున తేలినది. పెండ్లియైన కొలది దినములకే కట్నపు సొమ్ముతో మాయమైన వరుడు, తరువాత అచట విడాకు నిచ్చెను. అతడు మతిస్తిమితము లేనివాడు గనుక ఆ పత్రము చెల్లదని ఫ్రాంకుఫర్టు పండితులనిరి. చెల్లునని ప్రాగు నగరపు ఎజెకీలు లాండౌ మొదలైన వారనిరి. పండితుల పట్టుదలల నడుమ ఆ యువతి బ్రతుకు చిక్కుకొన్నది.

ఇది పరాయివారి కథ యని పుట త్రిప్పివేయుటకు వీలులేదు. 2025 జూన్ 24న మన తెలంగాణ హైకోర్టు 'ఖులా' విషయమై తీర్పు చెప్పినది. ముస్లిము భార్య కోరు ఖులాకు భర్త అంగీకారము ఆవశ్యకము కాదని, ముఫ్తీ పత్రము సలహా మాత్రమేనని, ఆమె స్థితిని కుటుంబ న్యాయస్థానము ధ్రువపరుపవచ్చునని ధర్మాసనము నిర్ణయించినది. రాజీప్రయత్నము జరిగినదా, మహరు తిరిగి యిచ్చుటకు ఆమె సిద్ధముగా నున్నదా అని చూచిన చాలునట. ఇజ్రాయెలు దేశము 1995లో మొండిభర్తలపై ఆంక్షల చట్టము చేసినది. అచట తాళపుచెవి భర్త చేతనేయుంచి, ఆ చేతిని తెరువుమని ఒత్తిడి చేయుచున్నారు. ఇచట తాళపుచెవియే ఆమె కీయబడినది. ఈ రెండవ మార్గమే మేలని నా అభిప్రాయము. బలవంతపు అంగీకారము అంగీకారమా అను ధర్మసందేహమునకు ఇందు తావే లేదు.

మతవిషయములలో న్యాయస్థానములకేమి పని యని కొందరడుగుదురు. హిందువులమైన మనము ఈ ప్రశ్న వేయునపుడు మన గతమును తలంచుకొనవలెను. కులాచారము అనుమతించిన వారికి పంచాయతీలో విడాకులుండెడివి. శాస్త్రోక్తమని గర్వించిన కులముల స్త్రీలకు ఆ దారియే లేకుండెను. 1949 నాటి మద్రాసు చట్టము, 1955 నాటి హిందూ వివాహ చట్టము వచ్చి తలుపు తెరచినవి. నాడును ధర్మము చెడిపోవునన్నవారు కలరు.

అయినను న్యాయస్థానపు కాగితము సగము పని మాత్రమే చేయును. ఇరుగుపొరుగు, బంధువులు, గురువులు ఆమెను స్వతంత్రురాలిగా గుర్తించినప్పుడే మిగిలిన సగము పూర్తియగును. అది పండితుల పని, బోధకుల పని. గ్రంథమును చదువుట నేర్పువారు, దాని వలన ఎవరు బంధింపబడుచున్నారో చూచుటయు నేర్పవలెను. గెర్షోము గురువు వేయి యేండ్ల క్రిందటనే ఆ చూపుతో చదివెను. మన తరగతిగదులలోని బాలికలు రేపు ఏ మతపు ఇంట కాపురము చేసినను, తమ విడుదలకు మరియొకరి దయపై ఆధారపడని స్థితి వారికి కలుగవలెను.